పడమటి కిటికీ, అమ్మ వీణ

విజయనగరంలో మా ఇంటి ముందుగదికి పడమటివైపు పెద్ద కిటికీ ఉంది. దానికి ఎదురుగోడ దగ్గర, బల్లమీద అమ్మ వాయించే బొబ్బిలి వీణ ఉండేది. రెండేళ్ల క్రితం వైశాఖమాసంలో ఒక సాయంత్రం అమ్మ శ్రుతి చేసుకుంటూ ఉండగా, దాని 24 మెట్లలో రెండు పక్కకు ఒరిగినట్టు కనిపించింది. మెట్లను పట్టి ఉంచేది బొగ్గుపొడి కలిపిన మైనం కనుక, మధ్యాహ్నం నుంచి ఎండ సోకితే అది మెత్తబడుతుంది. అదే గదిలో సోఫాకు వేసిన మెరూన్ గుడ్డ కిటికీవైపు వెలిసిపోయి ఉంది.

మైనాన్ని చెడగొట్టింది వేడి, గుడ్డను చెడగొట్టింది వెలుతురు. పసుపు మరక పడిన బట్టను ఎండలో ఆరేస్తే మరక పోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. కిటికీ పక్కనున్న అద్దకపు గుడ్డల్లో ఆ పనే నెమ్మదిగా సాగుతుంది. మామూలు అద్దం 315 నుంచి 400 నానోమీటర్ల మధ్యనున్న అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని లోపలికి వదులుతుంది. అద్దానికి అంటించే ప్రత్యేకమైన ఫిల్ములు వాటిని దాదాపుగా ఆపగలవు. అయితే కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును హరిస్తుంది కనుక, ఫిల్ము ఉన్నా పరదా అవసరం తీరదు.

నేను మొదట ముదురు నీలం పరదా వేయించాను. అది ఎండను తానే పీల్చుకుని, అద్దానికి లోపలివైపున ఉన్నందువల్ల ఆ వేడినంతా గదిలోకే వదిలింది. తరువాత కిటికీవైపు మందపాటి తెల్ల నూలుగుడ్డతో అస్తరు కుట్టించాను. దానికి పొందూరు ఖద్దరు వాడమని బంధువులు సలహా ఇచ్చారు గానీ, అంత సన్నని నేత వెలుతురును ఆపలేదు, దాన్ని ఎండకు బలిపెట్టడానికి నాకు మనసూ ఒప్పలేదు.

వేడికి అసలైన అడ్డు అద్దానికి బయట ఉండాలి. కిటికీపై సన్‌షేడ్ నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణి ఆపుతుంది గానీ, పడమట వాలిన ఎండ దాని కిందినుంచే వస్తుంది. అందుకే బయట, గోడకు జానెడు ఎడంగా, చుట్టి పైకి కట్టుకునే వెదురు తడికె వేయించాను. 2018లో తిత్లీ తుపాను చూసిన ప్రాంతం మనది. హెచ్చరిక వినగానే విప్పి లోపల పెట్టుకునేలా తడికెను కొక్కేలకు మాత్రమే తగిలించాలి. మన ఊళ్లు 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నందువల్ల మే నడిమి నుంచి జులై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు కూడా ఉత్తరానికి ఒరిగే ఉంటాడు; ఆ నెలల్లో ఉత్తరపు కిటికీకీ తడికె కావాలి.

మెట్లకు కొత్త మైనం వేయించాము. పనసచెక్క ఎండకు బీటలు వారలేదని చూసుకున్నాకే అమ్మ స్థిమితపడింది. ఇప్పుడు వీణ కిరణం సోకని మూలలో ఉంది. మధ్యాహ్నం రెండు కాగానే తడికె దించేది అమ్మే.