ట్రింగ్ నుంచి వాషింగ్టన్ దాకా: ఒక ఇంటిపేరు వెంట

జార్జ్ వాషింగ్టన్ ముత్తాత జాన్ 1657లో వర్జీనియా చేరాడు. అతని పుట్టుపూర్వోత్తరాల కోసం ఇంగ్లండ్ వెళ్లేవాళ్లు చాలామంది నేరుగా ఆ వంశం వాళ్ల పాత బంగ్లా సల్‌గ్రేవ్ మేనర్‌కే పోతారు. మేము జాన్ తల్లి చనిపోయిన ఊరు ట్రింగ్‌లో మొదలుపెట్టాం. వంశం వెతికేటప్పుడు తెలిసిన మనిషి నుంచి వెనక్కి నడవాలి, పేరున్న భవనం నుంచి ముందుకు రాకూడదు.

లండన్ యూస్టన్‌లో రైలెక్కితే ముప్పావుగంట ప్రయాణం. స్టేషన్‌కీ ఊరికీ మధ్య సుమారు 3 కిలోమీటర్లు. చర్చి రిజిస్టర్‌లో జాన్ తమ్ముడు లారెన్స్ బాప్టిజం ఉంది, 1635లో. జాన్‌ది మాత్రం లేదు. చిక్కంతా ఇక్కడే. ఈ వంశంలో దాదాపు ప్రతి తరంలోనూ జాన్‌లు, లారెన్స్‌లున్నారు. తొలి వంశవృక్షాల్లో ఇవే పేర్లున్న వేరే అన్నదమ్ములను తెచ్చి అతికించారు. అది పొరపాటని 1866లో వంశచరిత్ర పరిశోధకుడు జోసెఫ్ చెస్టర్ తేల్చాడు. 1889లో మరో పరిశోధకుడు హెన్రీ వాటర్స్ ముడి విప్పాడు. అతనికి దారి చూపింది జాన్ తల్లి పేరు: ఆంఫిల్లిస్. అంత అరుదైన పేరు మరొకరితో కలవదు. ట్రింగ్‌లో చనిపోయిన ఆమె ఆస్తి నిర్వహణను పెద్దకొడుకు జాన్‌కు అప్పగించిన కాగితం దొరికింది. దాని మీద తేదీ 1655 ఫిబ్రవరి. అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి మన లెక్కలో అది 1656. నోట్‌బుక్‌లో 1655/56 అని రెండూ రాసుకోవాలి, లేకపోతే తరువాతి తేదీలన్నీ తప్పుతాయి.

జాన్ తండ్రి పర్లీ అనే ఊరి చర్చి పాదరీ. 1643లో పదవి పోయింది. ఆ పాదరీ తండ్రి సమాధి గ్రేట్ బ్రింగ్టన్‌లో ఉంది, 1616 నాటిది. ఆ సమాధిలో ఉన్నాయన తాత 1539లో సల్‌గ్రేవ్ కొన్నాడు. అక్కడికి బాన్బరీ స్టేషన్‌లో దిగి టాక్సీలో వెళ్లాలి, తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోవాలి. గుమ్మం పైమూలల్లో వంశచిహ్నం అరిగిపోయింది, ఏటవాలు ఎండలో అయితేనే మూడు నక్షత్రాలు, రెండు పట్టీలు తేలుతాయి. అమెరికా రాజధాని వాషింగ్టన్ నగర జెండా మీద ఉన్నవి ఇవే.

చివరి మజిలీ ఉత్తరాన, సండర్లాండ్ దగ్గరి వాషింగ్టన్ గ్రామం. హార్ట్‌బర్న్‌కు చెందిన విలియం 12వ శతాబ్దంలో ఈ భూమికి మారి, కొత్త ఊరి పేరు పెట్టుకున్నాడు. మన దగ్గర చాలాసార్లు ఊరు వదిలాకే ఆ ఊరు ఇంటిపేరవుతుంది. ఇక్కడ ఊరు మారగానే పాత పేరే పోయింది. కాబట్టి అతని కంటే వెనక్కి వెళ్లాలంటే పాత పత్రాల్లో వాషింగ్టన్ కోసం కాదు, హార్ట్‌బర్న్ కోసం చూడాలి. ముందుకు రావాలంటే వెస్సింగ్టన్, వాసింగ్టన్ అన్న స్పెల్లింగులూ వెతకాలి.