చదును నేల యాత్ర

అమ్మకు తిరుమల మొక్కు ఒకటి బాకీ ఉంది. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు దొర్లిపడటం టీవీలో చూసిన దగ్గర్నుంచి మాత్రం కొండ పేరెత్తితే ఆవిడకు టెన్షన్. "వెంకన్న ఎక్కడికీ పోడు. ముందు మన చదును నేల దేవుళ్లను చూసొద్దాం" అంది. అలా 2022 కార్తీకంలో కోనసీమ ప్రయాణం కట్టాం. పౌర్ణమి నాడు, నవంబరు 8న, చంద్రగ్రహణమని గుళ్లు మూసేశారు. రెండు రోజులు ఆగి బయల్దేరాం.

అయినవిల్లి వినాయకుడి దర్శనం పావుగంటలో అయిపోయింది. అక్కణ్నుంచి మురమళ్ల. భద్రకాళీ వీరేశ్వరులకు అక్కడ రోజూ సాయంత్రం కల్యాణం చేస్తారు. మా పేర్ల మీద ముందే టికెట్టు తీసుకున్నాం. ఇంకా టైముందని, దగ్గర్లోనే వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న మామయ్య ఇంటికి వెళ్లాం. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే, "రా అల్లుడూ, తోట చూద్దువుగాని" అన్నాడు మామయ్య.

ఆ కొబ్బరితోట పాస్‌బుక్‌లో ఎకరం ముప్ఫై సెంట్లు. వెళ్లి చూస్తే ముప్పావు ఎకరం కూడా లేదు. మిగతాది ఏట్లో ఉంది. కాగితం మీద అదీ మామయ్యదే! కోతకు గురైన భూమి వివరం రాసుకోండి బాబూ అని ఓ ఆఫీసు చుట్టూ ఆర్నెల్లు తిరిగి, విసుగొచ్చి మానేశాడట.

ఒడ్డు అంచున ఓ పాత చెట్టు ఏటి మీదికి వాలి ఉంది. తాతయ్య నాటిన చెట్టు. దాని వేళ్లు సగం గాల్లో, దువ్వని జుట్టులా వేలాడుతున్నాయి. చెట్టుకు ఇవతల నాలుగడుగుల్లో, ఒడ్డు వెంబడే నేల మీద ఓ బీట. ఎండకు పగిలిందేమో అనుకుని వంగి చూడబోతే మామయ్య చొక్కా పట్టి వెనక్కి లాగాడు. బీటకు అటొకటి ఇటొకటి వెదురు పుల్లలు పాతి ఉన్నాయి. ఇవతలే కూర్చుని, చెయ్యి చాపి వాటి మధ్య దూరం కొలిచాడు. "పాతినప్పుడు జానెడు. ఇవాళ జాన మీద రెండు వేళ్లు."

"మొన్న జులై వరదకి పడకుండా ఇప్పుడు పడుతుందా మామయ్యా?" అన్నాను. ఆ జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది గోదావరి.

"నిండు వరదలో పడదురా. అప్పుడు ఒడ్డును నీళ్లే ఆపుతాయి. ఏరు తీసేటప్పుడే పడుద్ది."

నేను సివిల్ డిప్లొమా చదివాను. సాయిల్ మెకానిక్స్‌లో నా మార్కులు మాత్రం అడక్కండి. మాస్టారు బోర్డు మీద గీసిన బొమ్మ ఆ ఒడ్డున అర్థమైంది. వరదలో మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఏరు తగ్గినంత తొందరగా బంకమట్టిలోని నీరు బయటికి రాలేదు. ఆ నీరు లోపలే ఉండి మట్టి రేణువులను ఎడంగా నెడుతుంది, వాటి పట్టు సడలుతుంది. బయట ఆనుకోవడానికి ఏటి నీళ్లూ ఉండవు. పైగా ఆ పల్లంలో రోజుకు రెండుసార్లు సముద్రపు పోటూ పాటూ. ఒడ్డు నానుతూనే ఉంటుంది, వారుతూనే ఉంటుంది.

పక్కనున్న రేవులోంచి కిందికి దిగి చూశాను. పైన నిలువెత్తు నల్లటి బంకమట్టి, దాని కింద తెల్లటి ఇసుక. వేలితో కాస్త గీకితే చాలు, పంచదార బస్తాకు చిల్లు పడినట్టు జారుతోంది. ఏరు ముందు ఆ ఇసుకను లాగేస్తుంది. పైనున్న బంకమట్టి కాసేపు అరుగులా నిలబడి, బీటవారి, పెళ్ల పెళ్లగా ఒరుగుతుంది. ఒడ్డు దగ్గర్లో ఇసుక తవ్వేస్తే ఏటి పని ఇంకా సులువు. కొబ్బరి వేళ్లు గుబురుగా పట్టుకుంటాయి గానీ లోతుకు పోవు. కింద జారే ఇసుకను అవేం ఆపగలవు? గాలికి ఊగే పొడవాటి చెట్టు అంచున ఉంటే పైగా బరువు. చివరి వరస కొట్టేయమని ఎవరో చెప్పారట. మామయ్యకు మనసొప్పలేదు. ఆ వరసకు నీళ్లు పెట్టడం మాత్రం మానేశాడు.

తిరుమల గుర్తొచ్చింది. అక్కడా నవంబరంతా కురిసిన వాన కొండను నానబెట్టింది. రోడ్డు కోసం కొండ కాలు మనమే కోస్తాం. ఇక్కడ ఒడ్డు కాలు ఏరు కోస్తోంది. ఇదంతా అమ్మకు చెప్పలేదు. చెప్తే అంతర్వేది కూడా మానుకుంటుంది.

సాయంత్రం కల్యాణంలో గోత్రనామాలు చదివారు. స్థలపురాణం అమ్మకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే: పూర్వం స్వామి గుడి గోదావరి పాలైతే లింగాన్ని తీసుకొచ్చి ఇక్కడ ప్రతిష్ఠించారని. "స్వామికే ఇల్లు మారక తప్పలేదు" అన్నాడు మామయ్య, తలంబ్రాల వైపు చూస్తూ.

తెల్లవారుజామున అమ్మ రాతిమెట్ల రేవులో అరటి దొప్పల్లో దీపాలు వదిలింది. ఒక్కటి మాత్రం నాన్న నాటిన చెట్టు మొదట్లో పెడతానని పట్టుబట్టింది. "అటు వద్దు చెల్లాయ్, బీటకి ఇవతలే పెట్టు" అన్నాడు మామయ్య. ప్రమిద ఇవతలే పెట్టి, చెట్టుకు దూరం నుంచే దణ్ణం పెట్టుకుంది.

అప్పనపల్లిలో దర్శనం, భోజనం. అంతర్వేదిలో నరసింహస్వామి. అమ్మ సాగర సంగమంలో మూడు మునకలు వేసింది. రైలు నరసాపురంలో. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాక మామయ్య ఫోన్ చేశాడు. అవతలి పుల్లా, చెట్టూ, దాని పక్క చెట్టూ మధ్యాహ్నం ఏట్లో పడ్డాయట.

అమ్మ ఫోన్ లాక్కుంది. "దీపం, అన్నయ్యా?"

"ప్రమిద ఉందే. అంచున ఉంది. దానికి ఇవతల వెంట్రుకవాసి గీత కనపడుతోంది, పుల్లలు పాతుతున్నా."