ఎక్స్ కన్నా రెండు తక్కువ

మా అమ్మాయి ఇక్కడ న్యూజెర్సీలో ఏడో తరగతి. సమీకరణం ఇస్తే చకచకా చేసేస్తుంది. అదే లెక్క మాటల్లో ఇస్తే మాత్రం టెన్షన్. నేను నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివినవాణ్ణి. బీజగణితం మనకో లెక్కా అనుకుని పక్కన కూర్చున్నా.

మొన్నటి లెక్క ఇది. ఒకడి దగ్గర కొన్ని డైము నాణేలు, వాటికన్నా రెండు తక్కువ నికెల్ నాణేలు ఉన్నాయి. మొత్తం 95 సెంట్లు. ఏవి ఎన్ని?

మొదట తడబడింది నేనే. డైము 10 సెంట్లు, నికెల్ 5. కానీ చూడ్డానికి డైమే చిన్నగా ఉంటుంది! ఇన్నేళ్లుగా కార్డు గీకడమే కానీ ఈ చిల్లర సరిగ్గా చూసిందెప్పుడు?

డైములు ఎక్స్ అనుకుంది. నికెళ్లకు '2 – ఎక్స్' అని రాసింది. ఎందుకలా అంటే, "టూ లెస్ దాన్ ఎక్స్ కదా నాన్నా" అంది. ముందు టూ వినపడింది, ముందు 2 రాసింది. దాని తప్పేముంది?

"అదే తెలుగులో చెప్పు" అన్నాను. కాసేపు గునిసి, "ఎక్స్ కన్నా రెండు తక్కువ" అంది. ఎక్స్ ముందు, రెండు తర్వాత. అన్న వరసలోనే 'ఎక్స్ – 2' అని రాసి నా మొహం చూసింది. ఆదివారం తెలుగు బడికి తిప్పిన పెట్రోలు ఖర్చంతా ఆ ఒక్క నిమిషంలో గిట్టుబాటయింది. అన్నిసార్లూ ఇలా కుదరదు లెండి. 'రెట్టింపు' అంటే దానికి తెలీదు, డబుల్ అనాల్సిందే.

10 ఎక్స్ + 5(ఎక్స్ – 2) = 95. విప్పితే 15 ఎక్స్ – 10 = 95. ఇక్కడ నా పక్షాంతరం బయటికి తీశాను. "మైనస్ 10 అటు పోతే ప్లస్ 10."

"అటు ఎందుకు పోతుంది? పోతే గుర్తెందుకు మారుతుంది?"

మా మాస్టారు చెప్పారు, మేం రాశాం. అడగాలని కూడా తోచలేదు. వీళ్ల టీచరు తక్కెడ బొమ్మ గీసి, రెండు వైపులా 10 కలపమంటుందట. అప్పుడు 15 ఎక్స్ = 105. డైములు 7, నికెళ్లు 5. నలభై దాటాక నాకు పక్షాంతరం అర్థమైంది.

రాత్రి వీడియో కాల్‌లో ఇదంతా విని మా అమ్మ ఓ పొడుపు లెక్క వేసింది. పువ్వుకో తుమ్మెద వాలితే ఒక తుమ్మెద మిగిలింది. పువ్వుకి రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది. పువ్వులెన్ని, తుమ్మెదలెన్ని?

మా అమ్మాయి తుమ్మెదంటే ఏంటో నన్నడిగి, పువ్వులు ఎక్స్ అనుకుంది. తుమ్మెదలు ఎక్స్ + 1. రెండోసారి 2(ఎక్స్ – 1). రెండూ సమానమని రాసి కాగితం ఫోనుకి చూపించింది.

మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, "మూడు పువ్వులు, నాలుగు తుమ్మెదలేగా తల్లీ, దానికింత రాయాలా?" అంది.