నెట్ లైఫ్ సైన్సెస్: కణం ఉబ్బితే తెరుచుకునే ఛానెల్‌ని పార్ట్-సి కోసం ఎలా చదవాలి

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కి చదివేవాళ్ల నోట్సులో అయాన్ ఛానెళ్లంటే సోడియం, పొటాషియం, యాక్షన్ పొటెన్షియల్. క్లోరైడ్‌కి అర పేజీ కూడా దక్కదు. కానీ సిలబస్‌లోని ఆస్మాసిస్, అయాన్ ఛానెళ్లు, మెథడ్స్ యూనిట్‌లోని ప్యాచ్ క్లాంప్ (సన్నని గాజు పిపెట్‌తో కణపొర కరెంట్‌ని కొలిచే పద్ధతి) మూడూ కలిసే అంశం అక్కడే ఉంది. అదే నీరు చేరి కణం ఉబ్బినప్పుడు తెరుచుకునే ఆనయాన్ (రుణావేశ అయాన్) ఛానెల్, వీఆర్ఏసీ (వాల్యూమ్-రెగ్యులేటెడ్ ఆనయాన్ ఛానెల్). పార్ట్-సిలో 75 ప్రశ్నలుంటే 25 రాస్తే చాలు. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. ప్రయోగం వివరించి 'దీన్నిబట్టి ఏం చెప్పొచ్చు' అని అడిగే ప్రశ్నల్ని చాలామంది చూడగానే దాటేస్తారు. ఆ రకం ప్రశ్నలకి చెయ్యి తిరగాలంటే ఈ ఒక్క ఛానెల్ కథని మొదటినుంచి చివరిదాకా పట్టుకోండి.

ముందు లెక్కలు. 300 మిల్లీఆస్మోలార్‌లో ఉన్న కణాన్ని 200లో వేస్తే ఘనపరిమాణం ఎంత? 1.5 రెట్లు అని గీసేస్తాం. కణంలో 40 శాతం ద్రవాభిసరణలో పాల్గొనని భాగం అని ప్రశ్నలో ఒక మూల ఇచ్చి ఉంటే ఉబ్బేది మిగతా 60 శాతమే: 0.4 + 0.6 × 1.5, అంటే 1.3 రెట్లు. ఇంకో ఉచ్చు యూరియా. 300 మిల్లీమోలార్ యూరియా ఐసోఆస్మోటికే (మొత్తం గాఢత కణంతో సమానం), కానీ ఐసోటోనిక్ (కణం పరిమాణం మార్చనిది) కాదు. ఎర్ర రక్తకణంలోకి యూరియా దూరిపోతుంది, దాని వెనకే నీరు పోతుంది, కణం పగులుతుంది.

ఉబ్బిన కణం అలాగే ఉండిపోదు. పొటాషియం, క్లోరైడ్, టారిన్ లాంటి చిన్న సేంద్రియ అణువుల్ని బయటికి వదులుతుంది. వాటితో నీరూ పోయి కణం మళ్లీ పాత పరిమాణానికి వస్తుంది. దీన్నే ఆర్‌వీడీ (రెగ్యులేటరీ వాల్యూమ్ డిక్రీజ్) అంటారు. ఇక్కడ మార్కులు పోయేది దిశ దగ్గర. 'క్లోరైడ్ ఛానెల్ తెరుచుకుంటే క్లోరైడ్ లోపలికి వస్తుంది' అన్నది న్యూరాన్ అధ్యాయం నుంచి అంటుకున్న అలవాటు. బయట 110, లోపల 30 మిల్లీమోలార్ ఉంటే 37 డిగ్రీల దగ్గర క్లోరైడ్ సమతుల్య పొటెన్షియల్ (క్లోరైడ్ ఎటూ కదలని వోల్టేజీ) దాదాపు −35 మిల్లీవోల్టులు. పొర −50 దగ్గర ఉంటే క్లోరైడ్ బయటికే పోతుంది. రుణావేశం బయటికి పోతోంది కాబట్టి సంప్రదాయం ప్రకారం అది ఇన్‌వర్డ్ కరెంట్. అలాగే వీఆర్ఏసీ కొద్దిగా ఔట్‌వర్డ్ రెక్టిఫికేషన్ (ఔట్‌వర్డ్ కరెంట్ ఇన్‌వర్డ్ కంటే సులువుగా పారడం) చూపిస్తుందంటే క్లోరైడ్ బయటికి బాగా పోతుందని కాదు. ధన వోల్టేజీల దగ్గర లోపలికి వచ్చే క్లోరైడ్ ఎక్కువని. ఈ రెండు వాక్యాలు నోరు తిరిగేదాకా గ్రాఫులు గీయండి, చదివితే నిలవదు.

ఇక అసలు విషయం. ఈ కరెంట్‌ని 1988లోనే కొలిచారు. దాన్ని మోసే ప్రోటీన్ ఏదో తేలింది 2014లో. మధ్యలో పీ-గ్లైకోప్రోటీన్, పీఐసీఎల్ఎన్, సీఎల్‌సీ-3 అనే ప్రోటీన్లు ఒక్కొక్కటిగా తెర మీదికొచ్చి వెళ్లాయి. ఎందుకు నిలవలేదో చూడండి: ఉదాహరణకి సీఎల్‌సీ-3 జన్యువు తీసేసిన ఎలుక కణాల్లోనూ ఉబ్బినప్పటి కరెంట్ మామూలుగానే ఉంది. ఒక ప్రోటీన్‌ని ఎక్కువగా తయారుచేయిస్తే కరెంట్ పెరిగిందన్నది బలహీన సాక్ష్యం, తీసేసినా కరెంట్ పోలేదన్నది బలమైన ఖండన.

2014లో రెండు బృందాలు వారాల తేడాతో ఒకే జవాబుకి వచ్చాయి. ఒకటి శాన్‌డియాగో ప్రాంతంలో ఆర్డెమ్ పటపౌటియన్ ల్యాబ్, అందులో జావోజు చియూ. రెండోది బెర్లిన్‌లో థామస్ జెంట్ష్ ల్యాబ్. పద్ధతీ దాదాపు ఒకటే. అయొడైడ్ తగిలితే వెలుగు తగ్గే వైఎఫ్‌పీ (పసుపు రంగులో వెలిగే ప్రోటీన్) ఉన్న కణాల్ని పళ్లేల్లో పెంచుతారు. ఒక్కో గుంటలో ఒక్కో జన్యువుని ఎస్ఐఆర్ఎన్ఏతో (జన్యువు పనిని ఆపే చిన్న ఆర్ఎన్ఏ) అణచివేస్తారు. హైపోటోనిక్ (కణంకంటే పలచని) ద్రావణంతో ఉబ్బించి అయొడైడ్ ఇస్తారు. ఛానెల్ ఉంటే అయొడైడ్ దూరి వెలుగు పడిపోతుంది, లేకపోతే వెలుగు నిలుస్తుంది. క్లోరైడ్ బదులు అయొడైడ్ ఎందుకంటే, ఈ వైఎఫ్‌పీని అదే ఎక్కువ ఆర్పుతుంది, వీఆర్ఏసీలోంచి కూడా క్లోరైడ్ కంటే అదే సులువుగా పోతుంది. వెలుగు నిలిచిన ప్రతి గుంటా ఛానెల్ కాదు. కణాన్ని ఉబ్బనివ్వని జన్యువైనా, ఛానెల్‌ని పొర దాకా చేర్చే జన్యువైనా అదే ఫలితమిస్తుంది. అందుకే స్క్రీన్ తర్వాత ప్యాచ్ క్లాంప్ తప్పనిసరి.

తేలిన ప్రోటీన్ ఎల్ఆర్ఆర్‌సీ8ఏ. చియూ బృందం దానికి పెట్టిన పేరు స్వెల్1. ఇక్కడ ఒక్కో అడుగూ ఒక్కో ప్రశ్న. జన్యువు తీసేస్తే కరెంట్ పోయింది, అంటే అవసరం. ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే ఆనయాన్ల ఎంపిక మారింది, అంటే ద్వారంలో దానికీ భాగముంది. కేవలం నియంత్రకమైతే ఎంపిక మారదు. కానీ దాన్నొక్కదాన్నే ఎక్కువ చేస్తే కరెంట్ పెరగకపోగా తగ్గింది. 'అయితే ఇది ఛానెల్ కాదు' అనే ఆప్షన్ ఇక్కడే కాచుకుని ఉంటుంది. నిజానికి ఇది హెటెరోమర్, అంటే వేర్వేరు ప్రోటీన్లు కలిసి ఏర్పడే ఛానెల్. ఎల్ఆర్ఆర్‌సీ8 కుటుంబంలో ఐదు సభ్యులు, ఏ నుంచి ఇ దాకా. ఏ తప్పనిసరి, మిగతావాటిలో ఒకటైనా తోడుండాలి. ఏ మాత్రమే పెరిగితే నిష్పత్తి చెడుతుంది. ఐదూ తీసేసిన కణాల్లో ఏతో పాటు సి గానీ ఇ గానీ తిరిగి పెడితే కరెంట్ వచ్చింది. ఇ ఉన్నప్పుడు ధన వోల్టేజీల దగ్గర త్వరగా ఇనాక్టివేట్ అవుతుంది (తెరుచుకున్నాక తనంతట మూసుకుంటుంది), సి ఉన్నప్పుడు నెమ్మదిగా. 2018లో క్రయో-ఈఎం (గడ్డకట్టిన నమూనాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) చిత్రాలు ఆరు ఉపభాగాల నిర్మాణాన్ని చూపించాయి.

ప్యాచ్ క్లాంప్ ద్రావణాల మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి, పుస్తకాల్లో ఇది దొరకదు. హైపోటోనిక్ చేయడానికి బాత్‌లో (కణం చుట్టూ ఉన్న ద్రావణం) నీళ్లు కలపకూడదు. కలిపితే బయటి క్లోరైడ్ 150 నుంచి 100కి పడి, గది ఉష్ణోగ్రతలో రివర్సల్ పొటెన్షియల్ (కరెంట్ దిశ మారే వోల్టేజీ) సుమారు 10 మిల్లీవోల్టులు ధన దిశకి జరుగుతుంది. అది ఛానెల్ చేసిందా, మీ నీళ్లు చేశాయా చెప్పలేరు. ఉదాహరణకి సోడియం క్లోరైడ్ 90 మిల్లీమోలార్ దగ్గర కదపకుండా ఉంచి, బఫర్, ఇతర లవణాలతో పాటు 100 మిల్లీమోలార్ మానిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్) కలిపి మొత్తం దాదాపు 300 మిల్లీఆస్మోలార్ చేసి, తర్వాత ఆ మానిటాల్ తీసేస్తారు. పిపెట్‌లో పొటాషియం బదులు సీజియం, పొటాషియం కరెంట్లు అడ్డురాకుండా. కాల్షియంతో తెరుచుకునే క్లోరైడ్ ఛానెళ్లు కలిసిపోకుండా కాల్షియంని పట్టేసే ఈజీటీఏ. ఏటీపీ కూడా ఉండాలి, మరిచిపోతే కరెంట్ నీరసిస్తుంది. డీసీపీఐబీ అనే వీఆర్ఏసీ నిరోధకంతో కరెంట్ ఆగింది కాబట్టి అది వీఆర్ఏసీయే అంటే ఒప్పుకోవద్దు, ఆ మందు వేరే ఛానెళ్ల మీదా పనిచేస్తుంది.

ఛానెల్‌ని తెరిచేది పొర సాగడమా? పటపౌటియన్ పేరు చూడగానే ఆయన కనిపెట్టిన, పొర సాగితే తెరుచుకునే పియెజో ఛానెళ్లు గుర్తొచ్చి 'సాగడం' అని రాసేస్తారు. 2016లో శుద్ధి చేసిన ఎల్ఆర్ఆర్‌సీ8 ప్రోటీన్లని కృత్రిమ లిపిడ్ పొరలో పెట్టి చూస్తే అయానిక్ స్ట్రెంగ్త్ (ద్రావణంలో అయాన్ల సాంద్రత) తగ్గినప్పుడు తెరుచుకున్నాయి. కణం ఉబ్బితే లోపలి లవణం పలచబడుతుందిగా. అందుకే ఆస్మోలారిటీ మార్చకుండా పిపెట్‌లో లవణం తగ్గించి చక్కెర కలిపితే, కణం ఉబ్బకుండానే కరెంట్ వస్తుంది.

సాధనకి ఒకటి. ఎల్ఆర్ఆర్‌సీ8డి తీసేసిన కణాలు సిస్‌ప్లాటిన్ (క్యాన్సర్ మందు)కి చావడం తగ్గింది. మందు లోపలికి పోకా, లేక కణం చచ్చేముందు కుంచించుకోడానికి కావలసిన ఛానెల్ పాడయ్యా? సిస్‌ప్లాటిన్ ఎంత చేరిందో కొలిచిన ఫలితం ఇవ్వకపోతే రెండిట్లో ఏదీ తేలదు. ఆ కొలత లేనప్పుడు తేల్చాలంటే ఛానెల్ సాయం లేకుండా పొర దాటి కణాన్ని చంపే స్టౌరోస్పోరిన్‌తో అవే కణాల్ని చంపి చూడాలి. అప్పుడూ తట్టుకుంటే రెండో కారణం ఉన్నట్టే (మొదటిదీ తోడై ఉండొచ్చు), మామూలుగా చస్తే మొదటిది.