పావు తక్కువ నాలుగు

గత వేసవిలో ఆరు వారాల పాటు పిల్లలిద్దరినీ తీసుకుని శ్రీకాకుళంలో మా అమ్మ దగ్గర ఉన్నాను. మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. మా అమ్మాయి అప్పటికి ఐదో తరగతి ముగించింది. దశాంశాల భాగహారం ఇంకా పట్టుబడలేదని, సెలవుల్లో చేసుకోమని బడివాళ్ళు ఇచ్చిన పుస్తకం కూడా పెట్టెలో పెట్టుకుని వచ్చాం. అందులో ప్రతి లెక్క కిందా రెండు గళ్ళుంటాయి: మొదటి గడిలో సుమారుగా ఎంత వస్తుందో రాయాలి, రెండో గడిలో లెక్క చేసి అసలు జవాబు రాయాలి.

ఆ మొదటి గడిని చూస్తే నాకు మొదటి నుంచీ చిరాకే. నేను శ్రీకాకుళంలో చదువుకున్న రోజుల్లో జవాబు పక్కన 'సుమారు' అని రాసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. భాజకంలో బిందువు పోయేదాకా కుడివైపు జరపడం, భాజ్యంలోనూ అన్నే స్థానాలు జరపడం, ఆ పైన మామూలు భాగహారం చేయడం మాత్రమే మాకు తెలిసిన విద్య. అందుకని కొలంబస్‌లో రాత్రిపూట దాని పక్కన కూర్చున్నప్పుడు, "ముందు అసలు లెక్క చెయ్యి, ఆ జవాబునే కొంచెం గుండ్రం చేసి మొదటి గడిలో రాసుకో" అని చెప్పేదాన్ని. పిల్ల నేను చెప్పినట్టే చేసేది. అలా ఆ మొదటి గడి ఎందుకుందో దానికీ తెలియకుండా పోయింది.

వచ్చిన రెండో వారంలో పలాస వెళ్ళి జీడిపప్పు తెచ్చుకున్నాం. అక్కడి దుకాణంలో డబ్బాల మీద 240, 320 అని అంకెలు వేసి ఉంటే, అవి ధరలనుకుంది మా అమ్మాయి. ఒక పౌను తూకానికి ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే అంకెలవి అని దుకాణంవారు చెప్పగానే దాని మొహం వెలిగిపోయింది. ఉద్దానం తోటల్లో కాసి, పలాసలో ఒలిచిన పప్పుకు తన ఊళ్ళో వాడే పౌనుతో లెక్క కట్టడం దానికి వింతగా తోచింది. ఇండియాకు వచ్చిన దగ్గర నుంచి కిలోలు, కిలోమీటర్ల మధ్య తడబడుతున్న పిల్లకు మొదటిసారి తనకు తెలిసిన కొలత ఒకటి ఎదురైంది. పౌను అంటే దాదాపు 454 గ్రాములు. దాన్ని 320తో భాగిస్తే ఒక్కో పప్పు ఒకటిన్నర గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. 240 రకమైతే రెండు గ్రాములకు కాస్త తక్కువ. అంకె పెరిగే కొద్దీ పప్పు చిన్నదవుతుందనీ, ధర తగ్గుతుందనీ దానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఇంటికి వచ్చాక, కొలంబస్‌లోని స్నేహితులకు పంచడానికి ఆ రెండుంబావు కిలోల పప్పును 150 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టాలనుకున్నాం. ఎన్ని సంచులు కావాలో లెక్క చెప్పమన్నాను. 2.25ని 0.15తో భాగించాలి. పిల్ల కాగితం మీద చకచకా బిందువులు జరిపి, చివర్లో ఒక స్థానం మరిచిపోయి, ఒకటిన్నర అని చెప్పింది. నేను కాగితం అందుకుని బిందువు ఎక్కడ తప్పిందో వెతకడం మొదలుపెట్టాను. వంటింటి గుమ్మంలో చింతపండు ఈనెలు తీస్తున్న మా అమ్మ తల కూడా ఎత్తలేదు.

"ఏటే గుంటా, కిలోకే ఆరు పొట్లాల పైన వస్తాయి కదా, రెండు కిలోలు దాటితే ఒకటిన్నరేటి?" అంది.

కిలోకు ఆరు పైమాట, రెండు కిలోలకు పదమూడు, ఆ పైన పావుకిలోకు మరొకటీ ముప్పాతికా అంటూ అమ్మ పదిహేను దగ్గరకు చేరేసరికి నేనింకా కాగితం మీదే ఉన్నాను. పుస్తకంలోని మొదటి గడి అడిగేది సరిగ్గా ఇదేనని నాకప్పుడు అర్థమైంది. పిల్ల చదివే అమెరికా బడికీ, బడి ముఖం సరిగా చూడని అమ్మమ్మకూ ఈ విషయంలో ఒకే మాట ఉంది. మధ్యలో వేరే దారిన పోయినదాన్ని నేనే. రెండు సంస్కృతుల మధ్య పిల్లలు నలిగిపోతారని మేమందరం వాపోతుంటాం గాని, ఇక్కడ నలిగింది మాత్రం మధ్య తరం.

అమ్మకు ఈ అలవాటు ఎక్కడిదో ఆ సాయంత్రం తనే చెప్పింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేనాటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. అంతకుముందు రూపాయికి పదహారణాలు, అర్ధణా, బేడ, పావలా. ఎక్కాల్లో వీసం, పరక, పాతిక, అర, ముప్పాతిక కూడా వల్లె వేయించేవారట. కొత్త లెక్కలో రూపాయికి వంద పైసలు. వందను పదహారుతో భాగిస్తే అణాకు 6.25 వస్తుంది, కాని పావు పైసా నాణెం ఎక్కడా లేదు. అందుచేత విడి అణాకు ఆరు పైసలే ఇచ్చేవారు. నాలుగణాలు కలిపి ఇస్తే పాతిక పైసలు, ఒక్కొక్కటిగా మారిస్తే ఇరవై నాలుగే. ఆ ఒక్క పైసా పోగొట్టుకోకూడదని అణాలను నాలుగేసి పోగుచేసి కొట్టుకు వెళ్ళేవాళ్ళమని అమ్మ చెబుతుంటే, మా అబ్బాయి తన దగ్గరున్న అమెరికా చిల్లర తెచ్చి నాలుగేసి పేర్చడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత పిల్ల కళ్ళు కారు మైలేజీ మీద పడ్డాయి. మా తమ్ముడి కారు ట్యాంకు నింపించిన దగ్గర నుంచి మళ్ళీ నింపించేదాకా 382.5 కిలోమీటర్లు తిరిగాం, పట్టిన పెట్రోలు 22.5 లీటర్లు. అంటే లీటరుకు 17. "మన కారు 28 ఇస్తుంది, మామయ్య కారు 17 ఏనా?" అని జాలిపడింది. మనది గాలనుకు మైళ్ళలో, ఇది లీటరుకు కిలోమీటర్లలో అని చెప్పి, గాలను అంటే 3.785 లీటర్లనీ, మైలు అంటే 1.609 కిలోమీటర్లనీ రాసిచ్చాను. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎంత వస్తుందో కాగితం లేకుండా చెప్పమన్నాను. అది గుడ్లు తేలేసింది. అమ్మ కల్పించుకుని, ఆ మొదటి అంకెను తెలుగులో చదవమంది. మూడు పాయింట్ ఏడు ఎనిమిది ఐదు అని చదివింది పిల్ల. "అలాక్కాదు, పావు తక్కువ నాలుగు అనుకో" అంది అమ్మ.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇంగ్లీషులో కూడా గడియారం చూసి ఇలా పావు తక్కువ అంటారు, కాని కూరగాయల తూకం దగ్గర ఆ మాట వినబడదు. మనకు బియ్యమైనా, గుడ్డైనా, దూరమైనా ముప్పావు, మూడున్నర, పావు తక్కువ నాలుగు అంటూ దగ్గరి పావుకు చేర్చి చెప్పడం నాలుక మీదే ఉంది. తెలుగులో అంకె పలికేసరికే సగం అంచనా అయిపోతుంది. మా పిల్లలకు ఇన్నాళ్ళూ ఒకట్లు, పదులు, వందలు నేర్పి తెలుగు అంకెలు వచ్చేశాయని సంబరపడ్డానే గాని, ఈ పావులూ అరలూ నేర్పాలని నాకు తోచలేదు.

నాలుగును 1.6తో భాగిస్తే రెండున్నర. అసలు అంకె నాలుగుకు తక్కువ కనుక జవాబు రెండున్నరకూ తక్కువే, అని పిల్ల నెమ్మదిగా చెప్పింది. అసలు జవాబు 2.35. ఆ లెక్కన మామయ్య కారు గాలనుకు నలభై మైళ్ళు ఇస్తోంది, మా కారు లీటరుకు పన్నెండు కిలోమీటర్లు కూడా ఇవ్వడం లేదు. జాలి దిశ మార్చుకుంది.

అన్నీ ఇంత సాఫీగా జరగలేదు. పొందూరు వెళ్ళి, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేయడం పిల్లలకు చూపించి, ఒక ఖద్దరు తాను చివర మిగిలిన 9.6 మీటర్ల గుడ్డ కొన్నాం. ఒక్కో చొక్కాకు 2.35 మీటర్లు కావాలని దర్జీ చెప్పాడు. అప్పటికి అంచనాల్లో ఆరితేరానని నమ్ముతున్న మా అమ్మాయి, పది మీటర్లు, రెండేసి మీటర్లు, ఐదు చొక్కాలు అని తేల్చేసి, ఆ రాత్రే ఫోన్లో వాళ్ళ నాన్నకు ఒకటి మాటిచ్చేసింది. వచ్చినవి నాలుగే. గుడ్డను పెంచి, చొక్కాను తగ్గించి లెక్కించడంతో రెండు తప్పులూ ఒకే వైపుకు మొగ్గాయి. భాగహారంలో పైదాన్ని పెంచితే కిందిదాన్నీ పెంచాలి. పదిని రెండున్నరతో భాగించి ఉంటే నాలుగే వచ్చేది. గుణకారంలో ఇది తలకిందులు, అక్కడ ఒకదాన్ని పెంచితే రెండోదాన్ని తగ్గించాలి. కాగితం మీద జవాబు 4.085 గాని, ఆ బిందువు తర్వాత అంకెలతో చొక్కా రాదు కదా. ఇరవై సెంటీమీటర్ల పేలిక మిగిలింది. మా ఆయన ఆ చొక్కా సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి పెట్టెను స్ప్రింగు కాటాకు తగిలిస్తే 23.4 కిలోలు చూపించింది. విమానంలో పెట్టెకు అనుమతి 23 కిలోలే. పిల్ల ముందుగా దాన్ని పౌన్లలోకి మార్చబోయింది. పౌను అంటే అరకిలోకు తక్కువ కనుక, అరకంటే తక్కువతో భాగిస్తే రెట్టింపు కంటే ఎక్కువ రావాలి, అంటే నలభై ఏడు దాటాలి అనుకుని, ఆ తర్వాతే 51.6 అని తేల్చింది. ఈసారి ఏ జవాబు ముందు వచ్చిందో నేను గమనించాను. ఇంతలో మా అమ్మ పెట్టె తెరిచి జీడిపప్పు పొట్లాలు మూడు తీసి పక్కన పెట్టింది. మళ్ళీ తూచితే 22.95.

ఆ మూడు పొట్లాలూ ఇంకా శ్రీకాకుళంలోనే ఉన్నాయట. వచ్చే వేసవి దాకా ఉంచితే ముక్కిపోతాయి, వాడేయమ్మా అని చెబితే, అమ్మ వినడం లేదు.