మోరీ వాలు 25 సెంటీమీటర్లు

ఆదివారం, రాత్రి 9.30

సాయంత్రం కాలనీ కమ్యూనిటీ హాల్లో మీటింగ్. మేయర్ అభ్యర్థి వస్తున్నారని పొద్దున్నుంచి ఆటోలో మైకు పెట్టి చెప్తూనే ఉన్నారు. ఆ మాట సగమే నిజం. మన వరంగల్ నగరంలో ఓటరు ఓటు వేసేది కార్పొరేటర్‌కే. గెలిచిన 66 డివిజన్ల కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో హోదాలో, అంటే పదవి రీత్యా వచ్చే ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కలిసి చేతులెత్తి మేయర్ని ఎన్నుకుంటారు. పార్టీ విప్ ఉంటుంది, అంటే పార్టీ చెప్పిన పేరుకే చేతులెత్తాలి. కాబట్టి ఈవిడ ముందు మా డివిజన్‌లో గెలవాలి, ఆ తర్వాత పార్టీ ఈవిడ పేరే చెప్పాలి. అప్పటిదాకా ఇంకో 65 డివిజన్ల గురించి ఇచ్చే హామీలు పార్టీవే అనుకోవాలి. ఈ మాట ఆవిడే మొదట చెప్పేసింది. ఆ ఒక్క మాటతో హాల్లో గుసగుసలు సగం తగ్గాయి.

ప్రశ్నలు చీటీల మీద రాసిమ్మన్నారు. చీటీలు 40 దాకా వచ్చాయి. సగానికి పైగా మోరీ (మురికి కాలువ), నల్లా నీళ్లే. మిగతావి కుక్కలు, కోతులు, వీధి లైట్లు, ఇంటి పన్ను.

మొదటి చీటీ కుక్కలది. "పట్టుకపోయి ఊరి బయట ఇడిచిపెట్టుండ్రి" అని రాసి ఉంది. వీధి కుక్కను పట్టి వేరే చోట వదలడం 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన గల్లీలోనే వదలాలి. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల సంగతి వేరు. వాటికి 2025 నవంబరులో సుప్రీంకోర్టు విడిగా ఆదేశం ఇచ్చింది. అభ్యర్థి "చూస్తాం" అని దాటేసింది. అడగాల్సిందల్లా నెలకు ఎన్ని ఆపరేషన్లు చేస్తారని. ఎవరూ అడగలేదు. కోతుల చీటీ చదివి అందరూ నవ్వుకున్నారు, అంతే.

ఇంటి పన్ను గురించి ఇద్దరు అడిగారు. ఏప్రిల్ లోపల ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గుతుంది. పాత బకాయి ఉంటే ముందు అది తీరాలి. దీనికి మీటింగ్ అక్కర్లేదు, వార్డు ఆఫీసు బిల్ కలెక్టర్ చాలు.

మోరీ దగ్గరికి వచ్చేసరికి హాలు వేడెక్కింది. వెనక వరుసలోంచి ఒకావిడ లేచింది.

"అక్కా, మోరీ తీస్తరు, తీసిన సిల్టు గట్టు మీదనే వోస్తరు. వాన రాంగనే మల్ల అండ్లనే పడ్తది. గిదేం పని?"

అభ్యర్థి నవ్వలేదు. "నాలా వెడల్పు చేపిస్తం" అంది. నాలా అంటే గల్లీ మోరీలు పోయి కలిసే పెద్ద కాలువ. ఆ జవాబు మా కాలనీకి సరిపోదు. ఎందుకు సరిపోదో రిటైరైన మేస్త్రి ఒకాయన కాగితం మీద వేసుకొచ్చాడు. మేస్త్రీలు వాడే పారదర్శక లెవెల్ పైపుతో, 20 మీటర్లకొక చోట నీళ్లమట్టం చూసుకుంటూ, మా గల్లీ మొదటి ఇంటి నుంచి నాలాలో కలిసే చోటు దాకా 400 మీటర్లు కొలిచాడట. 20 సార్లు పెట్టి తీస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా రావచ్చు, అయినా లెక్క తారుమారు కాదు. 400 మీటర్లకు మోరీ అడుగు దిగింది 25 సెంటీమీటర్లు.

ఆ కాగితం అభ్యర్థి చేతికి వెళ్లింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మోరీ అడుగున ఇసుక, మట్టి పేరుకోకుండా నీళ్లే కొట్టుకుపోవాలంటే వేగం సెకనుకు కనీసం 0.6 మీటరు ఉండాలి. మా మోరీ వెడల్పు 45 సెంటీమీటర్లు, లోతు 60. వాలు 400 మీటర్లకు 1 మీటరు ఉంటే అది నిండుగా పారినప్పుడు సెకనుకు 1 మీటరు వేగం వస్తుంది. 25 సెంటీమీటర్లే ఉంటే అందులో సగం, 0.5 మీటరు. అదీ నిండుగా పారినప్పుడే. మామూలు రోజుల్లో ఇళ్ల నీళ్లు అడుగున నాలుగు వేళ్ల లోతున పాకుతూ పోతుంటాయి, అప్పుడు ఇంకా తక్కువ. అంటే సిల్టు పేరుకోవడం పారిశుద్ధ్య కార్మికుల తప్పు కాదు. ఎన్నిసార్లు తీసినా మళ్లీ పడుతుంది, మోరీ కట్టిన తీరే అది.

గంటలో 5 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. 10 ఎకరాల కాలనీ మీద పడే నీళ్లు 20 లక్షల లీటర్లు. డాబాలు, సీసీ రోడ్లే కాబట్టి అందులో 80 శాతం, 16 లక్షల లీటర్లు, మోరీకే వస్తాయి. సిల్టు లేకుండా, మంచి వాలుతో ఉన్నా ఈ మోరీ గంటకు పట్టుకుపోగలిగేది 10 లక్షల లీటర్ల లోపే. 25 సెంటీమీటర్ల వాలుతో అందులో సగం. 30 సెంటీమీటర్ల సిల్టు ఉంటే ఆ సగంలోనూ సగానికి దిగిపోతుంది. మిగిలినదంతా గల్లీలో నిలబడి, గడప దాటి లోపలికి వస్తుంది.

ఇంకో తంటా ఉంది. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా, 2023 జులై చివర్లో బొందివాగు పొంగినప్పుడు కాలనీల్లోకి నీళ్లు పైనుంచే కాదు, మోరీలగుండా వెనక్కి కూడా వచ్చాయి. వాగు మట్టం మోరీ నోటికంటే పైకి లేస్తే మోరీ తిరగబడుతుంది. నాలా ఎంత వెడల్పు చేసినా, మోరీ నోరు వరద మట్టానికి కింద ఉంటే అదే గతి. అక్కడ కావాల్సింది ఒకవైపే తెరుచుకునే తలుపు. నాలా లేచినప్పుడు అదే మూసుకుంటుంది. ఆ తలుపు మూసుకున్నాక లోపలి నీళ్లు పోవడానికి సంపు, మోటారు ఉండాలి. 10 హెచ్‌పీ మోటారు 5 మీటర్ల ఎత్తుకు గంటకు 3 లక్షల లీటర్లు తోడితే గొప్ప. వరద రోజు కరెంటు ముందే పోతుంది కాబట్టి డీజిల్ జనరేటరు కూడా ఉండాలి. దాన్ని నెలకోసారి తిప్పి చూసే మనిషి ఉండాలి. ఈ చివరిది ఎస్టిమేట్‌లో ఎవరూ పెట్టరు.

అభ్యర్థి పక్కనున్న కార్యకర్త భూగర్భ డ్రైనేజీ మాట ఎత్తాడు. 2024 నవంబరులో ప్రభుత్వం దానికి 4,170 కోట్లకు అనుమతి ఇచ్చింది, అది వస్తే ముంపు పోతుందని చెప్పాడు. హాల్లో చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. భూగర్భ డ్రైనేజీ పైపు పట్టుకుపోయేది మరుగుదొడ్డి, వంటింటి, స్నానాల గది నీళ్లను. వాన నీళ్లను కాదు. వాన నీళ్లు అందులోకి వదిలితే మ్యాన్‌హోల్ మూతలు లేచి అదంతా రోడ్డు మీదకు వస్తుంది. వాన నీళ్లకు మోరీ, నాలా వేరుగా ఉండాల్సిందే. ఆ పథకం కావాలి, అది వేరే జబ్బుకు మందు. మేస్త్రి ఈ మాట చెప్పాక కార్యకర్త ఫోన్ చూసుకున్నాడు. అభ్యర్థి మాత్రం "రెండు వేరా?" అని నేరుగా అడిగింది. అడిగినందుకు మెచ్చుకోవాలి.

రోడ్ల గురించి ఒక చీటీ. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేయడం మా గల్లీకి పట్టిన దరిద్రం. ఒక్కో పొర 15 సెంటీమీటర్లు. రెండుసార్లు వేస్తే పాత ఇళ్ల గడపలు రోడ్డుకు కిందవుతాయి. పాతది తవ్వి తీసి అదే మట్టానికి వేయాలి. ఆ తవ్వకం ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే కాంట్రాక్టరు చేయడు, చేయమనే హక్కూ మనకు లేదు. పైగా లెస్‌లో, అంటే ఎస్టిమేట్ కంటే తక్కువకు కోట్ చేసి పని పట్టినవాడు మొదట తగ్గించేది క్యూరింగ్ నీళ్లే. గోనెసంచులు కప్పి, తడి ఆరకుండా వారం రోజులైనా ఉంచాలి. రెండో రోజే బండ్లు వదిలేస్తే పైపొర పొడిపొడిగా లేస్తుంది. పనుల వరుస కూడా ముఖ్యం. ముందు నీళ్ల పైపు, తర్వాత మోరీ, చివరికి రోడ్డు. మా దగ్గర ఇది తలకిందులు. కొత్త రోడ్డు వేసిన మూడు నెలలకే పైపు కోసం తవ్వుతారు. మోరీల మీద బండలు కూడా అంతే, ఎక్కడా తీయడానికి మూత లేకుండా సిమెంటుతో బిగించేస్తారు. తర్వాత సిల్టు తీయాలంటే పగలగొట్టాల్సిందే.

నల్లా నీళ్ల చీటీ చివరి వరుస ఇళ్ల నుంచి వచ్చింది. "మూడు బిందెలు నిండంగనే బందయితున్నయ్." నగరానికి నీళ్లు ధర్మసాగరం, వడ్డేపల్లి చెరువుల నుంచి ఫిల్టర్ బెడ్లకు వచ్చి అక్కణ్ణుంచి ట్యాంకులకు వెళ్తాయి. అక్కడ నీళ్లు తక్కువై కాదు మా చివరి ఇళ్లకు రానిది. ముందున్న ఇళ్లు పైపుకు నేరుగా మోటారు బిగించాయి. నీళ్లు వదలగానే పది మోటార్లు లాగితే చివర పీడనం ఉండదు. అంతకంటే పాడు సంగతి ఇంకొకటి. మోటారు లాగినప్పుడు పైపులో పీల్పు పుడుతుంది. ఇంటి కనెక్షన్ పైపు మోరీలోంచి దాటి ఉండి, దానికి చిన్న చిల్లుంటే మోరీ నీళ్లు లోపలికి పోతాయి. మొదటి రెండు బిందెలు వాసన వస్తున్నాయని అన్నవాళ్లందరివీ మోరీలోంచి దాటిన పైపులే. నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ ఉందో లేదో చూడటం కష్టమేమీ కాదు. గొట్టంలో నల్లా నీళ్లు పోసి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, దాన్ని రంగు పట్టీతో పోల్చాలి. నల్లా దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా ఉండాలి. రంగే రాకపోతే ఆ నీళ్లు తాగొద్దు.

దీనికి అభ్యర్థి చెప్పిన జవాబు ఇవాళ్టి మొత్తంలో నాకు నచ్చింది. "రోజూ గంట నీళ్లిస్తనని చెప్పను. మోటార్లు తీపిస్తే మీరే నా మీద కోపానికొస్తరు. ఎంతమంది తీస్తరో చేతులెత్తుండ్రి." లేచినవి ఏడెనిమిది చేతులు. ముందు వరుస ఇళ్ల వాళ్లు ఫ్యాను వంక చూశారు.

ఇంకా చాలా ప్రశ్నలు ఆవిడ చేతిలో లేనివే. కరెంటు స్తంభాలు ఎన్పీడీసీఎల్‌వి. మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీది. నాలాలో కొంత భాగం ఇరిగేషన్‌ది. భద్రకాళి బండ్ కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) వాళ్లు అభివృద్ధి చేసింది. మేయర్ కౌన్సిల్ మీటింగ్‌కు అధ్యక్షత వహిస్తారు, పనులకు కౌన్సిల్‌లో తీర్మానం చేయించగలరు. అమలు కమిషనర్ది. పైగా 2019 మున్సిపల్ చట్టం కింద వార్డు కమిటీలున్నాయి. యువకులు, మహిళలు, పెద్దవాళ్లు, ప్రముఖులు అని నాలుగు, ఒక్కోదాంట్లో 15 మంది. మా వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో హాల్లో ఒక్కరికీ గుర్తు లేదు. ఈ ప్రశ్న కూడా ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

ఎనిమిదింటికి ముగిసింది. టీ ప్లాస్టిక్ కప్పుల్లో ఇచ్చారు, అవి మోరీలోకే పోయాయి. అభ్యర్థి వెళ్తూ మేస్త్రి కాగితం తన ఫైల్లో పెట్టుకుంది. ఆయన వెనక్కి అడగలేదు, ఆయన దగ్గర ఇంకో కాపీ కూడా లేదట. లెక్క గుర్తుందన్నాడు గానీ ఎక్కడెక్కడ ఎంత దిగిందో అన్నీ మళ్లీ రాయాలి. వచ్చే ఆదివారం ఇంకో పార్టీ వాళ్లు వస్తున్నారు. ఈసారి ఆరు జిరాక్సులు తీయించాలి.