మా ఇంటి కంప్యూటర్‌కు నత్తి ఎందుకు వచ్చింది

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ మీదనే నేను ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలకు పుస్తకాల పేజీలు కూర్చి ఇస్తుంటాను. ఇంటెల్ కోర్ ఐ5 8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లను దాచుకునే డిస్క్, శాటా అనే కేబుల్‌తో కలుపుతారు) ఉన్న ఆ యంత్రం అయిదేళ్లపాటు పేచీ లేకుండా నడిచింది. ఫిబ్రవరిలో దానికి ఒక వింత జబ్బు మొదలైంది. పేజీలో అక్షరాలు కొడుతూ ఉండగా తెర ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. మౌస్ బాణం కదులుతూనే ఉండేది కానీ ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. రెండు మూడు సెకన్ల తర్వాత, అప్పటిదాకా నేను కొట్టిన అక్షరాలూ నొక్కిన నొక్కులూ అన్నీ ఒక్కసారిగా తోసుకువచ్చి తెర మీద పడేవి.

గవర్నర్‌పేటలోని ఒక దుకాణానికి పట్టుకెళితే, అక్కడి కుర్రవాడు క్యాబినెట్ మూతైనా తీయకుండా, "ర్యామ్ తక్కువైంది సార్, ఇంకో ఎనిమిది జీబీ వేసి ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్ది" అన్నాడు. నేనూ సరేనన్నాను. 1,900 రూపాయలు పోసిన ర్యామ్ పూర్తిగా దండగ కాలేదు. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరిచినా ఇప్పుడు యంత్రం ఆయాసపడడం లేదు. అసలు జబ్బు మాత్రం ఇంటికి వచ్చిన సాయంత్రమే మళ్లీ కనిపించింది.

అప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే, నేను దుకాణంలో చెప్పిన మాటే తప్పని తోచింది. "స్లో అయింది" అన్నాను. మందకొడితనం వేరు, నత్తి వేరు. ప్రతి పనీ మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా సాగితే అది మందకొడితనం. ర్యామ్ చాలకపోయినా, ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకున్నా అలాగే ఉంటుంది. అంతా సవ్యంగా సాగుతూ మధ్యలో ఒక్క క్షణం మాట తడబడినట్టు ఆగి మళ్లీ మామూలుగా నడిస్తే అది నత్తి, దానికి కారణం సాధారణంగా మరోచోట ఉంటుంది. బాణంతో సహా అంతా కొయ్యబారి, స్పీకర్లలో జుయ్యిమని మోత వస్తే ముందు అనుమానించవలసింది డ్రైవర్లను, అంటే యంత్రంలోని భాగాలను నడిపించే చిన్న ప్రోగ్రాంలను. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఏ డ్రైవర్ ఎక్కువ సమయం తింటున్నదో చూపిస్తుంది. మా దాంట్లో బాణం కదులుతూనే ఉంది కాబట్టి నేను ఆ దారిలో వెళ్లలేదు.

ఏ భాగం ఎంత పని చేస్తున్నదో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీని తెర పక్కన తెరిచి పెట్టుకుని, నత్తి వచ్చే దాకా పని చేసుకుంటూ కాచుకున్నాను. వచ్చిన క్షణాన మెమరీ సగం కంటే కొంచెం ఎక్కువగా నిండి ఉంది, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది, డిస్క్ యాక్టివ్ టైమ్ మాత్రం 100 శాతానికి ఎగబాకింది. విచిత్రమేమిటంటే చదివే వేగం, రాసే వేగం రెండూ సున్నా దగ్గర ఉన్నాయి. గుమాస్తా తల ఎత్తకుండా కూర్చునే ఉన్నాడు గాని ఒక్క ఫైలూ బల్ల దాటడం లేదన్నమాట. ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతున్నదేమోనని భయపడి, ముందుగా పేజీల ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే డిస్క్ ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచాను. ఆరోగ్యం బాగున్నదనే చూపింది. పాడైన సెక్టార్ల లెక్క సున్నా. కిందికి వెళితే సి7 వరుసలో, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల (సమాచారం దారిలో చెడిన సందర్భాల) లెక్కలో, 25సి అని ఉంది. ఆ అంకె మధ్యలో అక్షరం ఎందుకున్నదో కాసేపు అర్థం కాలేదు. ఆ ప్రోగ్రాం ముడి అంకెలను పదహారు ఆధారంగా, పది నుంచి పదిహేను దాకా ఎ నుంచి ఎఫ్ అక్షరాలతో రాసే పద్ధతిలో చూపిస్తుందట. సెట్టింగ్ మార్చి మామూలు లెక్కలో చూస్తే అది 604. మర్నాడు సాయంత్రానికి 625 అయింది.

ఆ లెక్క డిస్క్ లోపలి జబ్బును కాక, ఎక్కువగా దారిలోని జబ్బును చెబుతుంది. కేబుల్ గుండా వెళ్లే ప్రతి సమాచారపు ముక్కతో పాటు ఒక సరిచూసుకునే సంఖ్య కూడా వెళుతుంది; అవతలి కొసలో అది సరిపోకపోతే ఆ ముక్కను మళ్లీ పంపించవలసి వస్తుంది, ఆ పంపకం తెమిలేదాకా దానికోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రాంలన్నీ ఆగుతాయి. ఈ అంకె ఎన్నటికీ తగ్గదు కనుక, ఎంత ఉన్నదని కాక పెరుగుతున్నదా లేదా అని చూడాలి. కరెంటు ప్లగ్గు తీసి మూత విప్పితే శాటా కేబుల్ ఎస్‌ఎస్‌డీ దగ్గర మడతపడి, పక్క మూతకు ఒత్తుకుని ఉంది. కేబుల్ కొసను ఊడకుండా పట్టి ఉంచే లోహపు క్లిప్పు కూడా దానికి లేదు. 120 రూపాయలకు క్లిప్పు ఉన్న కేబుల్ తెచ్చి, కారణం తేలాలని మరేదీ ముట్టుకోకుండా అదొక్కటే మార్చాను. నత్తి ఆనాటితో పోయింది.

మే నెలలో మందకొడితనం వచ్చింది, మధ్యాహ్నం రెండు దాటితే చాలు. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. గది చల్లబడనిదే గాలితో చల్లబడే ప్రాసెసర్ మాత్రం ఎక్కడ చల్లబడుతుంది? ఈసారి చూస్తే పేజీలను పీడీఎఫ్ చేస్తున్నప్పుడు ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలకు చేరుతోంది, వేగం 3.8 గిగాహెర్ట్జ్ నుంచి రెండుకు దిగువకు పడిపోతోంది. ఈ ప్రాసెసర్‌కు హద్దు 100 డిగ్రీలే. అక్కడికి చేరగానే తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ కింద రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరిగి పాడవకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊది, ప్రాసెసర్ వేడిని రేకులకు అందించే పేస్టు ఎండి పెళుసైపోతే, ఆ పాతదాన్ని గీకి కొత్తది పూశాను. అదే పీడీఎఫ్ పనికి వేడి ఇప్పుడు 78 డిగ్రీల దగ్గర నిలుస్తోంది.

సి7 అంకె కేబుల్ మార్చిన నాడు 631. ఈ ఉదయం చూసినా 631 గానే ఉంది.